తారీఖు మన చేతుల లేనప్పుడు టికెట్ సస్తగ ఎట్ల దొరుకుతది?

"అన్నా, దుబాయ్ టికెట్ సస్తగ ఎప్పుడు దొరుకుతది?" అని అడిగే ఫోన్లు నాకు ఏడాది పొడుగునా వస్తనే ఉంటయి. జన్నారం నుంచి వస్తయి, దండేపల్లి, లక్షెట్టిపేట నుంచి వస్తయి, గోదావరి అవతల ధర్మపురి, జగిత్యాల నుంచి వస్తయి. అడిగెటోళ్లల్ల సగం మంది పోయెటోళ్లు, సగం మంది అక్కడి క్యాంపుల ఉండి ఇంటికి రావాలె అనుకునెటోళ్లు. యూట్యూబ్ తెరిస్తె దీనికి జవాబులు కుప్పలుగ ఉన్నయి. మంగళారం కొనుర్రి అంటడు ఒకడు. అర్ధరాత్రి చూడుర్రి అంటడు ఇంకొకడు. రెండు నెలల ముందు బుక్ చేసుకోవాలె అని అందరూ అంటరు.

ఆ చివరి మాట నిజమే. కాని ఆ మాట ఎవరికి పనికొస్తదో ఎవరూ చెప్పరు. గదే ఈరోజు మాట్లాడుకుందాం.

ధర ఎట్ల పుడుతది

మన అంగట్ల పొద్దుగాల కూరగాయ పిరం ఉంటది, పొద్దు గూకినంక మిగిలింది సస్తగ ఇచ్చి పోతరు. విమానం అంగడి దీనికి ఉల్టా. ముందు పోయినోనికి సస్త, చివర పోయినోనికి మంట.

ఒక విమానంల 180 సీట్లు ఉన్నయనుకోర్రి. కంపెనీ వాటిని ఒక్క ధరకు అమ్మది. అరలు అరలుగ చేస్తది. కింది అరల కొన్ని సీట్లు తక్కువ ధరకు, పై అరల ఇంకొన్ని ఎక్కువ ధరకు, ఆఖరి అరల కొన్ని మస్తు పిరంగ. కింది అర నిండంగనే కంప్యూటర్ పై అర తెరుస్తది. ప్రయాణం దగ్గర పడ్డకొద్ది, సీట్లు మిగిలినా సరే, కింది అరలు మూసేస్తరు. ఎందుకంటే చివరి రోజుల్ల కొనెటోనికి వేరే గతి లేదని వాళ్లకు ఎరుకే. సావుకో, సదువుకో, నౌకరికో ఉరికెటోడు ధర చూసి ఆగడు.

ఒక్క టికెట్‌ను పదిసార్లు వెతికితె మన ఫోన్‌ను గుర్తుపట్టి ధర పెంచుతరని చాలామంది నమ్ముతరు. ధర ఎక్కువసార్లు మారేది అర నిండినందుకే. దీంట్ల పనికొచ్చే కిటుకు ఒకటి ఉన్నది. నలుగురికి ఒక్కసారే వెతికితె, కింది అరల మూడు సీట్లే మిగిలి ఉంటే, కంప్యూటర్ నలుగురికీ పై అర ధర చూపెడుతది. ముందు ఒక్కనికి వెతికి చూడుర్రి. ధర తేడా ఉంటే ముగ్గురికి ఒక టికెట్, ఒక్కనికి ఇంకో టికెట్ తీసుకుంటే పైసలు మిగులుతయి.

తక్కువ అర ఎవరిది

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. రెండు నెలల ముందు టికెట్ కొనాలె అంటే రెండు నెలల ముందే నీ తారీఖు నీకు తెల్వాలె. ఆఫీసుల పనిచేసెటోనికి తెలుస్తది. అమెరికా పోయే పిలగానికి కాలేజి ఎప్పుడు మొదలైతదో తెలుస్తది. మరి క్యాంపుల ఉన్న మన కూలికి?

మనోని చుట్టి వాని చేతుల లేదు. ముదీర్ సంతకం పెట్టాలె. సౌదీల అయితె ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కావాలె. "ఇంకోడు రానీ, నిన్ను పంపుత" అని రెండు నెలలు ఆపుతరు. ఆఖరుకు ఒకనాడు పొద్దున "ఎల్లుండి పో" అంటరు. ఎల్లుండి టికెట్ అంటే ఆఖరి అర.

లెక్క కోసం చెప్తున్న, ఇద్దరు ఒకే విమానంల పక్కపక్క సీట్ల కూసున్నరనుకుందాం. ఒకడు నలభై రోజుల ముందు 11 వేలకు కొన్నడు. ఇంకోడు మూడు రోజుల ముందు 27 వేలకు కొన్నడు. మధ్యల ఉన్న 16 వేలు తెలివితక్కువకు పడ్డ జరిమాన కాదు. తారీఖు మీద హక్కు లేనందుకు పడ్డ జరిమాన. నెలకు వెయ్యి దిర్హమ్‌లు సంపాదించెటోనికి ఆ తేడా ఒక్కటే ఇరవై రోజుల కష్టానికి దగ్గర పోతది.

ఇగ ఇంట్ల ఎవరన్న పోతే చెప్పనే వద్దు. సావుకు ముందస్తు బుకింగ్ ఉండది. తండ్రి కడసూపుకు వచ్చేటోడు, అందరికంటె తక్కువ జీతగాడైనా, ఆ విమానంల అందరికంటె ఎక్కువ ధర కట్టి వస్తడు. ఈ పద్ధతిని కంపెనీలు "గిరాకిని బట్టి ధర" అంటరు. గిరాకి అన్న మాట వెనుక ఆపతి ఉన్నది.

టికెట్ పైసలు ఎవరు కట్టాలె

మన పోరగాళ్లు అడిగే ప్రశ్న "ఎంతకు దొరుకుతది" అని. దానికంటె ముందు అడగాల్సిన ప్రశ్న "ఎవరు కట్టాలె" అని.

సౌదీ కార్మిక చట్టం 40వ ఆర్టికల్ సాఫ్‌గ చెప్తది: విదేశీ కార్మికున్ని తెచ్చుకునే ఖర్చు, అకామా ఖర్చు, ఎగ్జిట్ రీఎంట్రీ ఖర్చు, పని ఒప్పందం అయిపోయినంక సొంత దేశం పోయే టికెట్, ఇవన్నీ యజమాని పెట్టాలె. యూఏఈ 2021ల తెచ్చిన కార్మిక చట్టం 13వ ఆర్టికల్ కూడ కార్మికుని వాపసు ప్రయాణ ఖర్చు యజమాని మీదనే పెట్టింది. కార్మికుడు ఇంకో కంపెనీల చేరినా, తన తప్పుతోని పని పోయినా మినహాయింపు ఉంటది. గంతే.

అంటే చానమందికి ఆఖరి టికెట్ చట్టం ప్రకారం ఫుకట్. మరి మనోళ్లు అప్పు చేసి ఎందుకు కొంటున్నరు? మూడు కారణాలు కనబడ్తయి. ఒకటి, ఒప్పందం కాగితం అరబీలనో ఇంగ్లీషులనో ఉంటది, ఎవరూ చదివి చెప్పరు. రెండు, కొందరు విజిట్ వీసా మీద పోయి పనికి కుదురుతరు, కొందరు ఆజాద్ వీసా అని కొనుక్కొని పోతరు. వాళ్లకు కాగితం మీద ఉన్న యజమాని వేరు, పని చేయించుకునెటోడు వేరు. మూడు, కఫీల్‌ను విడిసి ఖల్లివెల్లి అయినంక ఏ హక్కూ అడిగే ధైర్యం ఉండది.

ఇక్కడ ఏజెంటు సంగతి కూడ చెప్పాలె. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకునే ఫీజుకు మన సర్కారు పెట్టిన హద్దు 30 వేలు, దాని మీద జీఎస్టీ. లక్ష, లక్షన్నర అడిగి "టికెట్ దాంట్లనే" అన్నడంటే ఆ టికెట్ ఫుకట్‌ది కాదు, నీ పైసలే నీకు చూపెడుతున్నడు.

సీట్లు తక్కువ, ఎందుకు?

ధర రెండు వైపుల నుంచి పెరుగుతది. కొనెటోళ్లు ఎక్కువైతె పెరుగుతది, సీట్లు తక్కువైతె పెరుగుతది. సీట్లు తక్కువుండుడు దైవం రాసింది కాదు.

రెండు దేశాల మధ్య వారానికి ఎన్ని సీట్లు నడపాలె అన్నది సర్కార్లు కూసొని ఒప్పందం రాసుకుంటయి. ఇండియా, దుబాయ్ మధ్య ఆ లెక్క వారానికి దాదాపు 66 వేల సీట్లు. అది 2014ల కుదిరిన లెక్క. పెంచుమని దుబాయ్ ఏండ్లసంది అడుగుతున్నది, మన కేంద్రం ఒప్పుకుంట లేదు. పెంచితె అక్కడి పెద్ద కంపెనీలు మన కంపెనీలను మింగుతయని వాదన. ఆ వాదనల కొంత నిజం ఉన్నది, నేను కొట్టేయను. మన దేశ కంపెనీలు దూరదేశాలకు నేరుగ నడపాలంటే దుబాయ్ మీదికెల్లి పోయే గిరాకి తగ్గాలె. కాని ఆ రక్షణ ఖర్చు ఎవరు మోస్తున్నరు? జన్నారం కూలి మోస్తున్నడు.

కువైట్ సంగతి చూడుర్రి. వారానికి 12 వేల సీట్ల హద్దును 2025 జులైల 18 వేలకు పెంచిన్రు. అంటే అనుకుంటే అయితది.

ధరకు హద్దు పెట్టుడు కూడ అసాధ్యం కాదు. 1994ల విమాన రంగాన్ని ప్రైవేటుకు తెరిచినప్పటి సంది ధర కంపెనీ ఇష్టం అంటున్నరు. కాని 1937 నాటి విమాన నియమాలల్ల 135వ నియమం ఏమన్నదంటె, ధర పెట్టేటప్పుడు ఖర్చు, న్యాయమైన లాభం చూడాలె, మితిమీరితె డీజీసీఏ జోక్యం చేసుకోవచ్చు అని. కరోనా కాలంల 2020 మే నుంచి 2022 ఆగస్టు ఆఖరు దాకా దేశం లోపలి టికెట్లకు హద్దులు పెట్టిన్రు. 2025 డిసెంబర్‌ల ఇండిగో విమానాలు వేలల్ల రద్దయి, వేరే కంపెనీల ధరలు ఆకాశాన్ని అంటినప్పుడు, కేంద్రం ఒక్కరోజుల హద్దు తెచ్చింది: 500 కిలోమీటర్ల దాకా 7,500 రూపాయలు, 1,000 దాకా 12,000, 1,500 దాకా 15,000, ఆపైన 18,000, పన్నులు వేరే. ఢిల్లీ, ముంబై ఎయిర్‌పోర్టుల్ల సూట్‌కేసుల మీద పండుకున్న జనం టీవీల్ల కనబడ్డరు కాబట్టి తెచ్చిన్రు. క్యాంపుల బంకు మంచం మీద కూసొని ఫోన్ల ధర చూసి ఇంటికి రాకుండ ఆగిపోయినోడు ఏ టీవీల కనబడడు. అందుకే గల్ఫ్ టికెట్‌కు ఏనాడూ హద్దు రాలేదు.

మాట్లాడితె మారుతదనటానికి ఇంకో సంగతి చెప్త. గల్ఫ్ నుంచి శవపేటికను తెచ్చే ఛార్జీ ఒకప్పుడు కిలోల లెక్కన ఉండె. మనిషిని తక్కెట్ల పెట్టి తూసినట్టు. గల్ఫ్‌ల ఉన్నోళ్లు, ముఖ్యంగ కేరళోళ్లు, ఏండ్లకొద్ది లొల్లి పెడితె 2019 జనవరిల ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ఒకటే ధర పెట్టినయి. యూఏఈ నుంచి పెద్దోళ్లకు 1,500 దిర్హమ్‌లు. ఆదాయం లేనోళ్లకైతె 2009ల పెట్టిన ప్రవాసుల సంక్షేమ నిధి నుంచి రాయబార కార్యాలయం ఆ ఖర్చు పెట్టొచ్చు. కేరళ మనకంటె ధనవంతమై గెలిచిందని కాదు. వాళ్లు ఒక్కటై అడిగిన్రు.

ఎయిర్‌పోర్ట్ వస్తే ధర తగ్గుతదా?

ఈ మధ్య మన దిక్కు ఎయిర్‌పోర్ట్ ముచ్చట జోరుగ ఉన్నది. వరంగల్ మామునూరుకు 2025 ఫిబ్రవరి ఆఖరుల కేంద్రం ఒప్పుకున్నది. శంషాబాద్ ఒప్పందంల 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్ట్ రావద్దన్న షరతు ఉండె, దాన్ని జీఎంఆర్ వదులుకున్నంకనే దారి పడ్డది. ఆదిలాబాద్‌ల పౌర విమానాలకు వాయుసేన అదే ఏడాది ఒప్పుకున్నది. బసంత్‌నగర్ పాత రన్‌వే ముచ్చటైతె ప్రతి ఎన్నికల ముందు లేస్తది, ఎన్నికలయినంక పండుకుంటది.

రావాలె, వద్దనను. కాని లెక్క తెలిసి ఆశపడాలె. చిన్న ఎయిర్‌పోర్ట్ నుంచి ముందు వచ్చేది డెబ్బై సీట్ల చిన్న విమానం. అది హైదరాబాద్, ముంబై పోతది గాని దుబాయ్ పోదు. ఉడాన్ పథకం 2016 అక్టోబర్‌ల తెచ్చిన్రు, 2017 ఏప్రిల్‌ల మొదటి విమానం లేసింది. హవాయి చెప్పులేసుకున్నోడు హవాయి జహాజ్ ఎక్కాలె అన్నరు. గంట ప్రయాణం 2,500 అన్నరు. 2023ల కాగ్ ఇచ్చిన నివేదిక చూడుర్రి: ఉడాన్ మూడో విడత దాకా 774 మార్గాలు ఇస్తే 403 మార్గాల్ల విమానం మొదలే కాలేదు. మొదలైన 371ల మూడేండ్ల రాయితీ గడువు పూర్తిగ నడిచినయి 112. రాయితీ అయిపోయినంక 2023 మార్చి నాటికి నిలబడ్డయి 54. రిబ్బన్ కత్తిరించిన ఫోటో మిగులుతది, విమానం మిగలది.

మంచిర్యాలోనికి ఇయ్యాల తగ్గే ఖర్చు వేరే కాడ ఉన్నది. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ 2008ల మొదలైంది, టర్మినల్ కాడికి ఇప్పటికీ రైలు లేదు. మన ఊరు కాజీపేట-బల్లార్షా మెయిన్ లైన్ మీద ఉన్నది, సికింద్రాబాద్‌కు రైళ్లు బాగనే ఉన్నయి. అక్కడ దిగి ఆర్టీసీ పుష్పక్ బస్సు ఎక్కితె ఎయిర్‌పోర్ట్ దాకా పోవచ్చు, రాత్రి కూడ నడుస్తది. అయినా మనం ఏం చేస్తున్నం? ఒక్కడు పోతుంటే ఎనిమిది మంది సాగనంప పోతం, బండి మాట్లాడుకుంటం. రానుపోను ఐదు వందల కిలోమీటర్లు. టికెట్‌ల వెయ్యి తగ్గించుటానికి వారం రోజులు ఫోన్ రుద్దినోడు బండి కిరాయికి వేలు పోస్తడు. ప్రేమను తప్పుపట్టను. రెండేండ్లు కనబడని కొడుకాయె. కాని దర్వాజ కాడ కండ్లనీళ్లు, రైల్వే స్టేషన్‌ల కండ్లనీళ్లు ఒక్కటే బరువు.

మన చేతుల ఉన్నయి

పెద్ద సంగతులు మారేదాక ఆగలేం గదా. మన చేతుల ఉన్నయి చెప్త.

ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్నోళ్లు, అంటే పదో తరగతి పాస్ కానోళ్లు, గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్ క్లియరెన్స్ కావాలె. అది రాకముందే వాపసు లేని సస్త టికెట్ కొనకుర్రి. ఇమిగ్రేషన్‌ల ఆపితె టికెట్ బుడ్డపైస రాదు.

ధర చూసేటప్పుడు మొదటి పేజీ అంకె చూసి మురవకుర్రి. కొన్ని టికెట్లల్ల చేతి సంచి ఒక్కటే ఉంటది. మనోడు వచ్చేటప్పుడు తాడు కట్టి పేరు రాసిన కార్టన్ డబ్బ లేకుండ రాడు. ఎయిర్‌పోర్ట్‌ల కిలోల లెక్కన కట్టేకంటె బరువు కలిసిన టికెట్ ముందే తీసుకునుడు మేలు. టికెట్, బరువు, సీటు, బుకింగ్ యాప్ ఫీజు, బండి కిరాయి, అన్ని కూడి చూసిన అంకెనే ధర.

కాలం చూడుర్రి. అక్కడి బళ్లకు జులై, ఆగస్టు సెలవులు. జూన్ ఆఖరుల అక్కడికెల్లి ఇక్కడికి పిరం, ఆగస్టు ఆఖరుల ఇక్కడికెల్లి అక్కడికి పిరం. అదే రోజుల్ల ఉల్టా దిక్కు విమానాలు ఖాళీగ పోతయి, ధర తక్కువుంటది. ఈద్, డిసెంబర్ సెలవులు కూడ గంతే. శంషాబాద్‌తోని పాటు ముంబై, నాగపూర్ ధరలు కూడ చూడుర్రి. కాని రైలు, తిండి, రాత్రి బస లెక్క కలుపకుండ సంబురపడకుర్రి.

రెండు వేర్వేరు టికెట్లు అతికించుకునే పని జాగ్రత్త. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితె ఎవరూ జవాబుదారీ కాదు. మధ్య దేశంల సామాను తీసుకోవాలంటే ఆ దేశం వీసా అడుగొచ్చు.

ఏజెంటు కాగితం ఇయ్యంగనే నమ్మకుర్రి. పీఎన్ఆర్ అంటే సీటు పట్టిపెట్టిన గుర్తు మాత్రమే. పైసలు కట్టకుంటే అది రెండు రోజుల్ల ఎగిరిపోతది. అసలు టికెట్ కోసినట్టు గుర్తు 13 అంకెల టికెట్ నంబర్. కొన్ని సస్త కంపెనీలకు ఆ నంబర్ ఉండది, అక్కడ కంపెనీ సొంత వెబ్‌సైట్‌ల పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి "కన్ఫర్మ్" అని ఉన్నదో లేదో చూడుర్రి. పాస్‌పోర్ట్‌ల ఉన్న పేరు, టికెట్ మీద పేరు అక్షరం తేడా లేకుండ ఉండాలె.

టికెట్ రద్దయితె "ఏమీ రాదు" అన్న మాట పూర్తిగ నిజం కాదు. మన దేశ కంపెనీలకు డీజీసీఏ నియమం ఏందంటె, రద్దు ఛార్జీ మూల ధర, ఇంధన ఛార్జీ కూడినదానికంటె ఎక్కువ కోయరాదు. వాపసు లేని ఆఫర్ టికెట్ అయినా ఎయిర్‌పోర్ట్ ఫీజులు, పన్నులు తిరిగి ఇయ్యాలె. ఇయ్యకుంటే ఎయిర్‌సేవ యాప్‌ల ఫిర్యాదు పెట్టుర్రి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయుర్రి.

అడుగాల్సినయి

మన రాష్ట్రం 2024ల గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇచ్చే జీవో తెచ్చింది. మంచిదే. సచ్చినంక ఇచ్చేదాని కంటె, బతికుండంగ ఇంటికొచ్చే దారి సస్త చేయుడు ముందు రావాలె.

అందుకే మూడు అడుగుదాం. గల్ఫ్ మార్గాల టికెట్లకు, కనీసం సావు, జబ్బు ఆపతికి వచ్చెటోళ్లకన్న, ధర హద్దు పెట్టాలె. 2024ల పార్లమెంటు స్థాయీ సంఘమే మార్గాలవారీగ హద్దు ఆలోచించుమన్నది, ఆ ఫైలు కదలాలె. సీట్ల ఒప్పందాలు రాసుకునేటప్పుడు కంపెనీల మాటతోని పాటు కూలీల రాష్ట్రాల మాట వినాలె. వాపసు టికెట్ ఎగ్గొట్టిన కంపెనీల పేర్లు రాయబార కార్యాలయాలు బయటపెట్టి, వాళ్లకు మన మనుషులను పంపుడు బందు పెట్టాలె.

సదువుకున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఒక్క పని చేయుర్రి. మీ ఇంట్ల, మీ వాడకట్టుల గల్ఫ్‌ల ఉన్నోళ్లకు ఇయ్యాలనే ఫోన్ చేయుర్రి. ఒప్పందం కాగితం ఫోటో పంపుమనుర్రి. అరబీ, ఇంగ్లీషు చదువుటానికి ఇప్పుడు ఫోన్లనే సాధనం ఉన్నది. టికెట్ ఎవరు పెట్టాలె అన్న గడిల ఏం రాసి ఉన్నదో చదివి వాళ్లకు తెలుగుల చెప్పుర్రి. ఆఫర్ వెతుకుడు ఆ తర్వాత సంగతి.